వార్డు తాళంచెవి ఎవరి దగ్గరుండాలి? కొత్తగా ఇన్‌చార్జ్ అయ్యే సిస్టర్లకు, వాళ్లకు చదువు చెప్పేవాళ్లకు

రాత్రి రెండు దాటింది. వార్డులో అట్రోపిన్ అయిపోయింది. బీరువాలో ఇంకా నాలుగు డబ్బాలున్నాయి. బీరువా తాళంచెవి మాత్రం పరకాలలో, మా ఇంట్లో, నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

పత్తికి మందు కొట్టే రోజులవి. వరంగల్ చుట్టుపక్కల మెడికల్ వార్డులో పనిచేసిన ఏ సిస్టర్‌నడిగినా ఆ నెలలు ఎలా ఉంటాయో చెబుతుంది. ఆ వారం మా దగ్గర పురుగుల మందు తాగినవాళ్లు ముగ్గురున్నారు. ఆ విషానికి విరుగుడు అట్రోపిన్. దాని ఆంపూల్ ఒక్కోదాంట్లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. 10 మిల్లీగ్రాములు ఎక్కించాలంటే 17 ఆంపూల్స్ పగలగొట్టాలి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ క్యాజువాలిటీకి పరుగెత్తి అప్పు తెచ్చి ఎక్కించింది. పేషెంట్ బతికాడు. పొద్దున ఎనిమిదింటికి వచ్చి నేను చేసిన మొదటి పని ఏంటంటే, ఆమె మీద అరవడం. "సాయంత్రమే చూసుకోవద్దా?"

పక్కన బెడ్‌షీట్లు మడతపెడుతున్న ఆయమ్మ తల కూడా ఎత్తకుండా అంది: "తాళంచెవి నీ దగ్గర వెట్టుకొని ఆమెనంటవేంది సిస్టరమ్మా?"

అప్పటికి నా సర్వీసు పదకొండేళ్లు. పరీక్షల్లో మేనేజ్‌మెంట్ పేపర్‌లో మంచి మార్కులే వచ్చాయి. 1937లో లూథర్ గులిక్ ఏడు పనుల పేర్లు కలిపి తయారుచేసిన 'పోస్డ్‌కార్బ్' అనే మాటను ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ప్లానింగ్, ఆర్గనైజింగ్, స్టాఫింగ్, ఇంకా నాలుగు. ఆ ఏడింటిలో ఏదీ ఆ రాత్రి బీరువా తెరవలేదు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో ఇందుకోసం ఒక అధ్యాయమే పెట్టింది. నూట అరవై ఏళ్ల కిందటి మాట. సారాంశం ఇంతే: మీరున్నప్పుడు జరిగే పని మీరు లేనప్పుడూ జరిగేలా చూడటం మీ బాధ్యత. ఈ వ్యాసంలో నేను చెప్పేదంతా ఆ ఒక్క ముక్కను చేతల్లో పెట్టడమే. నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎం మూడో ఏడాదిలో ఉన్నా, బీఎస్సీ ఆరో సెమిస్టర్‌లో మేనేజ్‌మెంట్ అండ్ లీడర్‌షిప్ చదువుతున్నా, నిన్ననే ఇన్‌చార్జ్ ఆర్డర్ చేతికొచ్చినా మొదలుపెట్టేది ఒకచోటనే.

మొదటి వారం: ఏదీ మార్చకండి, లెక్కపెట్టండి

కొత్త ఇన్‌చార్జ్ రాగానే బల్ల జరపడం, రిజిస్టర్ల అట్టలు మార్చడం ఒక అలవాటు. నేనూ చేశాను. దాంతో పాతవాళ్లకు కోపం రావడం తప్ప ఒరిగేదేం లేదు.

దానికి బదులు జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. మిమ్మల్ని ఎవరైనా "సిస్టర్, ఫలానాది ఎక్కడుంది?", "ఇది ఎవరు చేయాలి?" అని అడిగిన ప్రతిసారీ ఒక గీత గీయండి. గ్లూకోమీటర్ స్ట్రిప్స్ ఎక్కడ, ఈసీజీ రోల్ ఎక్కడ, రక్తం తెచ్చే ఫారం ఎవరి సంతకంతో పోవాలి, చనిపోయినవారి కాగితాలు ఎవరు రాస్తారు. ఏడు రోజుల తర్వాత గీతలు లెక్కపెట్టండి. ఎక్కువ గీతలు పడిన ప్రశ్నలన్నీ వార్డు మీ జ్ఞాపకశక్తి మీద నడుస్తున్న చోట్లు. మీరు సెలవు పెడితే సరిగ్గా అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు ఒక్కో ప్రశ్నకు ఒక్కో చోటు ఇవ్వండి. స్ట్రిప్స్ డబ్బాకు ఒక అర, అర మీద తెలుగులో ఒక చీటీ. తెలుగులో ఎందుకంటే, ఆ డబ్బా రోజూ తెచ్చిచ్చేది ఆయమ్మ. నెల తర్వాత మళ్లీ ఒక వారం గీతలు గీయండి. తగ్గకపోతే చీటీ తప్పు చోట ఉన్నట్టు.

ఈ పని స్టూడెంట్ కూడా చేయొచ్చు. ఆమెను ఎవరూ ఏమీ అడగరు కాబట్టి, తాను ఇతరుల్ని ఎన్నిసార్లు అడగాల్సి వచ్చిందో రాసుకుంటే సరి. కొత్తవాళ్ల కంటికి కనబడేవి పాతవాళ్లకు కనబడవు.

తాళాలు, మందులు, క్రాష్ ట్రాలీ

తాళంచెవి మనిషి వెంట పోకూడదు, డ్యూటీ వెంట పోవాలి. ఇది రాసిపెట్టుకోండి. హ్యాండోవర్, అంటే ఒకరు దిగి ఇంకొకరికి డ్యూటీ అప్పజెప్పడం, అయ్యేటప్పుడు తాళాల గుత్తి చేతులు మారాలి, రిజిస్టర్‌లో ఇచ్చినామె, పుచ్చుకున్నామె సంతకాలు, టైము పడాలి. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి డబుల్ లాక్‌లో ఉంటాయి కాబట్టి వాటిని డ్యూటీ డ్యూటీకీ లెక్కపెట్టి అప్పజెప్పాలి. "పొద్దున చూశాం కదా" అన్న మాట అక్కడ చెల్లదు.

మందుల నిల్వ ఎంత ఉండాలన్నది చాలామంది అంచనాతో వేస్తారు. "ఓ యాభై రాయమ్మా" అంటారు. అంచనా వద్దు. మీ వార్డులో గత మూడు నెలల్లో రాత్రీపగలూ కలిపి ఒక్క రోజులో ఆ మందు గరిష్ఠంగా ఎంత ఖర్చయిందో స్టాక్ బుక్‌లో చూడండి. స్టోర్ వరుసగా ఎన్ని రోజులు మూసి ఉండే అవకాశం ఉందో చూడండి. ఆదివారం తర్వాత సోమవారం పండగ వస్తే రెండు రోజులు. ఈ రెండూ హెచ్చిస్తే మీ కనీస నిల్వ వస్తుంది. నిల్వ ఆ గీత దిగిన రోజే ఇండెంట్, అంటే ఏం కావాలో రాసి స్టోర్‌కు పంపే కాగితం, పోవాలి. గీత దిగిందని గమనించాల్సింది ఇన్‌చార్జ్ ఒక్కతే అయితే మళ్లీ పరకాల కథే. అందుకే అర అంచున ఎర్ర టేపు అంటించండి. డబ్బాలు టేపు కిందికి వస్తే ఆ డ్యూటీలో ఎవరున్నా ఇండెంట్ రాయాలి.

కాలం మారితే ఆ గీతా మారాలి. జూలై నుంచి అక్టోబర్ దాకా జ్వరాలు, ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్ల నుంచి మలేరియా, డెంగీ కేసులు. సెలైన్లు, ఐవీ సెట్లు, ప్లేట్‌లెట్ ఫారాలు. అదే కాలంలో పత్తి చేలల్లోంచి పురుగుల మందు కేసులు. మే నెలలో వడదెబ్బ. చలికాలంలో ఆయాసం, నెబ్యులైజర్ మందులు. ఈ క్యాలెండర్ ఏ పుస్తకంలోనూ ఉండదు, మీ అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని నెలవారీగా తీయండి. ఇద్దరు స్టూడెంట్స్‌ను కూర్చోబెట్టుకుంటే వాళ్లకు అదొక పాఠం.

ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వరుసలో పెట్టాలి, ముందు వచ్చింది కాదు. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్స్ మిగతా ఆంపూల్స్‌తో కలిపి ఒకే ట్రేలో ఉంటే ఈ వ్యాసం చదవడం ఆపి, లేచి వెళ్లి విడిగా పెట్టి రండి. అది కలపకుండా నరంలోకి నేరుగా పోతే గుండె ఆగుతుంది.

ప్రాణం మీదికొచ్చినప్పుడు లాక్కొచ్చే క్రాష్ ట్రాలీ గురించి ఒక్కటే మాట: టిక్ పెట్టొద్దు, చేత్తో చేయండి. గొంతులోకి చూసే లారింగోస్కోప్‌కు బ్లేడ్ బిగించి బల్బు వెలుగుతోందో లేదో చూడాలి. సక్షన్ మిషన్ ఆన్ చేసి గిన్నెలో నీళ్లు లాగించాలి. చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కాలి. ఆక్సిజన్ సిలిండర్ వాల్వ్ తిప్పి గేజ్ ముల్లు చూడాలి. నాలుగు నిమిషాల పని. ఒక నెలంతా ముప్పై టిక్కులూ ఒకే రంగు పెన్నుతో, ఒకే వాలుతో ఉన్న చెక్‌లిస్ట్ నేను చూశాను. అది నెలాఖరున ఒక్కసారే కూర్చుని నింపిందని చెప్పడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. అలాంటిది దొరికితే సంతకం పెట్టినామెను తిట్టకండి. మర్నాడు పొద్దున మీరే ఆమెతో కలిసి ట్రాలీ తెరవండి. వరుసగా వారం రోజులు.

హ్యాండోవర్: బల్ల దగ్గర కాదు, మంచం దగ్గర

నర్సింగ్ స్టేషన్‌లో కుర్చీల్లో కూర్చుని, పుస్తకం చూసి "14 సేమ్, 15 సేమ్, 16 డిశ్చార్జ్" అని చదివేసి పర్సు తీసుకుని వెళ్లిపోతే అది హ్యాండోవర్ కాదు. రేపటి గొడవకు విత్తనం.

ఇద్దరూ నిలబడి మంచం మంచానికీ తిరగండి. ముందుగా ఎవరి దగ్గరికి పోవాలంటే, మొదటి నంబర్ మంచం దగ్గరికి కాదు, బాగా సీరియస్‌గా ఉన్నవాళ్ల దగ్గరికి. ప్రతి మంచం దగ్గరా నోటితో చెప్పేది తక్కువ, చేత్తో చూపించేది ఎక్కువ ఉండాలి. నరంలోకి వేసిన క్యాన్యులా ఎత్తి చూపండి: ఏ రోజు వేశారు, వాచిందా. యూరిన్ బ్యాగ్ చూపండి: ఎంత, ఏ రంగు. నడుము కింద చెయ్యి పెట్టి పుండు పడుతోందా చూడండి. ఎక్కుతున్న సెలైన్ మీద ఏం కలిపారో చీటీ ఉందా చూడండి. చివర్లో ఒకే ప్రశ్న: "ఈ మనిషికి ఈ రాత్రి ఏం జరగొచ్చని నీకు భయంగా ఉంది?"

ఈ ప్రశ్న నాకు నేర్పింది ఒక కేరళ సిస్టర్, నేను కొత్తగా చేరిన రోజుల్లో. కేస్ షీట్‌లో రాయనిది ఈ ప్రశ్నకు జవాబుగా బయటికొస్తుంది. "పల్స్ బాగానే ఉంది, కానీ సాయంత్రం నుంచి పంచె పీక్కుంటున్నాడు" అని ఒకామె చెప్పింది ఒకసారి. పురుగుల మందు కేసుకు అట్రోపిన్ ఎక్కువైతే మనిషి అలా తిక్కతిక్కగా బట్టలు పీక్కుంటాడు. ఆ ఒక్క మాటతో డోస్ మళ్లీ చూడమని డాక్టర్‌ను పిలిచాం.

వార్డు పెద్దదైతే అరగంట పడుతుంది. "అంత టైం ఎక్కడిది?" అంటారు. మీ పాత పద్ధతిలో హ్యాండోవర్ అయ్యాక మొదటి గంటలో ఎన్నిసార్లు కేస్ షీట్ వెతికారో, వెళ్లిపోయినామెకు ఎన్నిసార్లు ఫోన్ చేశారో ఒకరోజు రాసి చూడండి.

రాత్రి డాక్టర్‌కు ఫోన్ చేయడం

చాలామంది జూనియర్లకు భయం పేషెంట్ అంటే కాదు, ఫోన్ అంటే. "సార్, 14వ బెడ్ మంచిగ లేడు" అంటారు. అవతల నిద్రలో ఉన్న పీజీ డాక్టర్ "వస్తా" అని పెట్టేస్తాడు. తప్పు ఇద్దరిదీ కాదు, మాటది.

అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన ఒక పద్ధతి తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఎస్‌బార్ అంటారు. పరిస్థితి ఏంటి, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి, ఈ నాలుగూ ఇదే వరుసలో చెప్పాలి. మన వార్డు భాషలో ఇలా ఉంటుంది:

"సార్, మేల్ మెడికల్ నుంచి సిస్టర్‌ను. 14వ బెడ్, పురుగుల మందు కేసు. పల్స్ 118 నుంచి 62కు పడింది, నోట్లోంచి సొంగ మళ్లీ మొదలైంది, ఛాతీలో గురగుర వినిపిస్తోంది. ఆరింటికి అట్రోపిన్ డ్రిప్ తగ్గించారు. మందు చాలడం లేదని నాకనిపిస్తోంది. సక్షన్ చేసి ఆక్సిజన్ పెట్టాను. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి."

అర నిమిషం కూడా పట్టదు. అందులో రెండు ముక్కలే అసలు కష్టం. 'నాకనిపిస్తోంది', 'మీరు రావాలి' అనడం మనకు ఎవరూ నేర్పలేదు. వద్దని నేర్పినవాళ్లు మాత్రం ఉన్నారు. ఫోన్లో ఆర్డర్ చెబితే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, "కరెక్టేనా సార్?" అని అడగండి. పేరు, టైము రాయండి. డాక్టర్ వచ్చాక సంతకం తీసుకోండి. పది నిమిషాల్లో రాకపోతే పైన ఎవరికి చేయాలో, ఆ నంబర్లు గోడ మీద వరుసగా ఉండాలి. మీ సెల్‌ఫోన్లో ఉంటే లాభం లేదు.

డ్యూటీ చార్ట్

ఇన్‌చార్జ్ సిస్టర్ల స్నేహాలు తెగేది ఇక్కడే. కాబట్టి దీన్ని తీరిగ్గా చెబుతాను.

ముందు లెక్క. 30 పడకల వార్డు అనుకుందాం. పొద్దున 8 నుంచి 2 దాకా ముగ్గురు, 2 నుంచి రాత్రి 8 దాకా ఇద్దరు, రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇద్దరు. రోజుకు 7 డ్యూటీలు, వారానికి 49. ఒక మనిషి వారానికి ఒక ఆఫ్ పోను 6 డ్యూటీలు చేస్తుంది. 49ని 6తో భాగిస్తే ఎనిమిది మంది పైచిలుకు. దీని మీద సెలవులకు 30 శాతం కలపాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెబుతుంది. అంటే 11 మంది. నైట్ డ్యూటీల తర్వాతి ఆఫ్‌లు సరిగ్గా ఇస్తే ఇదీ చాలదు. ఇది ఇప్పుడు మనం పెట్టుకున్న పల్చటి లెక్క. కౌన్సిల్ నిబంధన ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రికి ముగ్గురు పేషెంట్లకు ఒకరు, మామూలు ఆసుపత్రికి ఐదుగురికి ఒకరు ఉండాలి. మీ వార్డులో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు.

తక్కువున్నారని గొణుక్కుంటే ఎవరికీ వినబడదు. సూపరింటెండెంట్ మేడమ్‌కు కాగితం పెట్టండి. అందులో "స్టాఫ్ కొరత తీవ్రంగా ఉంది" అని రాయకండి, అలాంటివి ఆమె బల్ల మీద ఇప్పటికే కట్టగా ఉంటాయి. "ఈ నెల 3, 9, 17 తేదీల రాత్రి 42 మంది పేషెంట్లకు ఒక్క సిస్టర్ ఉంది, అందులో ఐదుగురు ఆక్సిజన్ మీద ఉన్నారు" అని రాయండి. తేదీ, అంకె, సంతకం. కాపీ ఒకటి దాచుకోండి.

ఇక చార్ట్ వేయడం. మొదట నింపాల్సింది సెలవులు కాదు, రాత్రులు. నైట్‌లో ఇద్దరూ కొత్తవాళ్లు పడకూడదు. ఈవినింగ్ చేసి రాత్రి ఎనిమిదింటికి దిగిన మనిషికి మర్నాడు మార్నింగ్ వేయకండి. ముఖ్యంగా జనగామ నుంచో, మహబూబాబాద్ నుంచో ట్రైన్‌లో వచ్చిపోయే వాళ్లకు. పాలిచ్చే తల్లి ఉంటే అడిగి వేయండి. చార్ట్ పెన్సిల్‌తో మొదలుపెట్టి, రెండు రోజులు గోడకు ఉంచి, అందరూ చూశాక పెన్నుతో రాయండి. నెల మొదలవడానికి కనీసం ఐదు రోజుల ముందు తేలిపోవాలి. మార్పిడి కావాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. నోటిమాట మార్పిళ్లు ఒప్పుకోకండి, ఎంత దగ్గరివాళ్లయినా.

పండగలకు వేరే పుస్తకం పెట్టండి. మన దగ్గర బతుకమ్మ తొమ్మిది రోజులు. ఎంగిలిపూల నాడు, సద్దుల నాడు ప్రతి ఒక్కరికీ సాయంత్రం సెలవు కావాలి. తల్లిగారింటికి పోవాలి, పూలు తేవాలి, ఆడాలి. నేను మొదట్లో సీనియారిటీ చూసి ఇచ్చేదాన్ని. ఒక జూనియర్ మూడేళ్లు వరుసగా సద్దుల బతుకమ్మను వార్డు కిటికీలోంచి చూసింది. నాకు తెలియనే లేదు, ఎందుకంటే ఎక్కడా రాయలేదు. పుస్తకం పెట్టాక నియమం ఒక్కటే: పోయిన ఏడు ఆ పండగకు డ్యూటీ చేసినామె ఈ ఏడు చేయదు. క్రైస్తవ సిస్టర్లు బతుకమ్మ, దసరాలకు ముందుకొస్తారు, క్రిస్మస్‌కు మిగతావాళ్లు తీసుకుంటారు. రంజాన్‌కూ అంతే. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మన వార్డుల్లో ఎప్పటినుంచో ఉంది. రాసిపెడితే ఎవరి మొహమాటం మీదా బరువు పడదు.

పని చెప్పడం

ఇది క్లుప్తంగా. పని చెప్పేటప్పుడు ఎవరు, ఏం, ఎప్పటిలోగా, అయ్యాక నాకు ఏం చెప్పాలి, ఈ నాలుగూ ఉండాలి. "ఎవరైనా బీపీలు చూడండమ్మా" అంటే ఎవరూ చూడరు. నిర్ణయం తీసుకోవాల్సిన పని స్టూడెంట్‌కు అప్పజెప్పకూడదు. అంటే పొరపాటైతే ప్రాణం మీదికొచ్చే హై అలర్ట్ మందులు, రక్తం ఎక్కించడం, కొత్త అడ్మిషన్‌ను మొదటిసారి చూడటం లాంటివి. ఆయమ్మలను, వార్డ్ బాయ్‌లను వయసును బట్టి అక్కా, అన్నా అని పిలవండి. అది మర్యాద కోసమే కాదు, వార్డులో ఏం జరుగుతోందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. చెత్త విషయంలో మీరు సూది తెల్ల డబ్బాలో కాకుండా పసుపు కవర్‌లో పడేస్తే గుచ్చుకునేది ఆ అక్కకే. తెల్ల డబ్బా మూడొంతులు నిండగానే మూసేయండి.

ఒకటి మాత్రం వెంటనే చేయండి. లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడగలిగిన సిబ్బంది ఎవరెవరు, ఏ వార్డులో ఉంటారో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చిన ముసలమ్మ రాత్రంతా ఏదో చెబుతుంటే మనకు అర్థం కాక "మత్తులో మాట్లాడుతోంది" అని రాసిన కేస్ షీట్లు ఉన్నాయి. పొద్దున ఊడ్చడానికి వచ్చిన అక్క విని చెప్పింది: కడుపులో నొప్పి అంటున్నది.

అటెండెంట్ల గుంపుతో గొడవ ముదరకముందే వాళ్లలో ఒకరిని ఎంచుకోండి. "అన్నా, నేను గంటకోసారి మీకే చెప్తా, మీరు మిగతావాళ్లకు చెప్పండి" అనండి. చెప్పిన గంటకు చెప్పండి, కొత్త విషయం లేకపోయినా. చేయి చేసుకునే దాకా వస్తే ఆసుపత్రి సిబ్బంది రక్షణకు 2008 నాటి చట్టం ఉంది. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున పోయేలా చూడండి, సిస్టర్‌ను ఒంటరిగా స్టేషన్‌కు పంపొద్దు.

తప్పు జరిగినప్పుడు

తిట్లకు భయపడి దాచిన తప్పు ఎంత దూరం పోతుందో ఒక్క ఉదాహరణ చాలు. సూది గుచ్చుకున్న జూనియర్ ఇన్‌చార్జ్‌కు చెప్పడానికి భయపడి మూడు రోజులు ఊరుకుందనుకోండి. హెచ్ఐవీ రాకుండా వేసే మందులు వీలైతే 2 గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే మొదలుపెట్టి ప్రయోజనం లేదు. మీ కోపానికి ఆమె కట్టే వెల అది. గుచ్చుకున్న చోట సబ్బు నీళ్లతో కడగాలి, పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, వెంటనే చెప్పాలి. ఇవన్నీ చార్టు మీద ఉంటాయి. చెప్పగలిగే ధైర్యం మాత్రం మీ మొహం చూసి వస్తుంది.

కాబట్టి ఎవరైనా వచ్చి "సిస్టర్, తప్పయింది" అన్నప్పుడు మొదట అడగాల్సింది పేషెంట్ ఎలా ఉన్నాడని. తర్వాత డాక్టర్‌కు చెప్పడం, కేస్ షీట్‌లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయడం. దిద్దుబాట్లు, వైట్‌నర్ వద్దు. ఇన్సిడెంట్ ఫారం అదే డ్యూటీలో నింపాలి. ఆ తర్వాతే "ఎవరు?" అని కాకుండా "ఎట్లా?" అని అడగండి. రెండు ఆంపూల్స్ ఒకే రంగులో ఉన్నాయా? నాలుగు గంటలుగా ఒక్కతే ఉందా? తాళంచెవి ఎక్కడుంది?

చదువు చెప్పేవాళ్లకు రెండు మాటలు

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేపర్‌లో "ఇన్వెంటరీ కంట్రోల్ నిర్వచించుము" అని వస్తే మా పిల్లలు రెండు పేజీలు రాస్తారు. అదే పిల్లను ఇండెంట్ పుస్తకం ముందు కూర్చోబెడితే పెన్ను కదలదు. తప్పు పిల్లది కాదు, పుస్తకం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. స్టూడెంట్స్ వచ్చారంటే బీపీలు, టెంపరేచర్లు, బెడ్ మేకింగ్ అయిపోతాయని సంబరపడే వార్డులు మనకు చాలానే ఉన్నాయి. మేనేజ్‌మెంట్ పోస్టింగ్ కూడా అలాగే గడిచిపోతుంది.

నేను ట్యూటర్‌గా ఉన్నప్పుడు ఇలా చేసేదాన్ని. పోస్టింగ్ మొదటి రెండు రోజులు స్టూడెంట్ ఇన్‌చార్జ్ వెంట నీడలా తిరగాలి, ఏమీ చేయకూడదు, రాసుకోవాలి. మూడో రోజు నుంచి ఆరు పడకలు ఆమెవి: ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఏ పని ఎవరికి అన్నది ఆమె చెప్పాలి, స్టాఫ్ సిస్టర్ పక్కనుండాలి. హ్యాండోవర్ ఆమె ఇస్తుంటే నేను నోరు మూసుకుని నిలబడేదాన్ని. ఇది ట్యూటర్‌కు చాలా కష్టం, కానీ మీరు మధ్యలో అందిస్తే ఆమె రేపు కూడా మీ వైపే చూస్తుంది. డ్యూటీ అయ్యాక పావుగంట మాట్లాడుకునేవాళ్లం: ఈరోజు ఏ నిర్ణయం మార్చుకుంటావు?

డ్యూటీ చార్ట్ అసైన్‌మెంట్ కూడా అసలుదే ఇచ్చేదాన్ని. ఎనిమిది మంది సిస్టర్లు, సద్దుల బతుకమ్మ వారం, ఒకరు మెటర్నిటీ లీవ్, ఒకరికి డ్యూటీ మధ్యలో జ్వరం. వేయండి. మొదటిసారి అందరూ తమకు నచ్చని మనిషికే నైట్లన్నీ వేస్తారు! పేర్లు తీసేసి అక్షరాలు పెట్టి మళ్లీ వేయిస్తే చార్ట్ మారిపోతుంది. దాని మీద జరిగే చర్చ ముందు లీడర్‌షిప్ సిద్ధాంతాల చాప్టర్ ఎందుకూ కొరగాదు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లోకి అడుగుపెట్టేసరికి ఒక్క చార్ట్, ఒక్క ఇండెంట్, నిజమైన రాత్రి ఫోన్ కాల్ ఒక్కటి, ఈ మూడూ ప్రతి పిల్లా చేసి ఉండాలి.

చివరి పరీక్ష

ఆర్నెల్లు ఇవన్నీ చేశాక ఒక పరీక్ష పెట్టుకోండి. మూడు, నాలుగు రోజులు వార్డుకు దూరంగా ఉండండి, ఫోన్ ఎన్నిసార్లు మోగిందో, ఎందుకు మోగిందో రాసుకోండి. మొదటి వారం గీతలు గీసిన నోట్‌బుక్‌లోనే రాయండి.

నాకు ఆ పరీక్ష అనుకోకుండా వచ్చింది. అమ్మవార్లకు బెల్లాన్నే బంగారమని సమర్పించే మేడారం జాతరలో మెడికల్ క్యాంపు డ్యూటీ పడింది, నాలుగు రోజులు. బయల్దేరే ముందు తాళాలు అప్పజెప్పి సంతకం తీసుకున్నాను. జంపన్న వాగు దగ్గర జనంలో సిగ్నల్ అందినప్పుడల్లా ఫోన్ తీసి చూసుకున్నాను. మూడో రోజు సాయంత్రం వార్డు నుంచి ఒక్క కాల్ వచ్చింది. గుండె గుభేలుమంది. ఎత్తితే నైట్ సిస్టర్.

"సిస్టర్, అమ్మవార్ల బంగారం మాకు తెస్తున్రా లేదా? ఆయమ్మ అడగమంటున్నది."